అరిగిన గొట్టం జోలికి వెళ్లే ముందు

మాధవరం,
పశ్చిమ గోదావరి జిల్లా.

చిరంజీవి చైతన్యకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసుకుని చూశాను. పాత రైఫిల్ కొన్నావని మీ నాన్న చెప్పినప్పుడు ఏదో సరదా అనుకున్నాను. ఆ ఇనుము మీది గుర్తులు చూశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. అందుకే కాగితం మీద పెట్టి, ఫొటోలు తీయించి పంపుతున్నాను. పని చేసే బల్ల దగ్గర ఉంచుకో.

నువ్వు చేద్దామనుకున్నవి మూడు పనులు. కర్రను గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేయడం, ఇనుమును బఫింగ్ చేయించి మళ్లీ నల్లగా చేయించడం, గొట్టంలో గాడులు అరిగిపోయాయి కాబట్టి దాన్ని విప్పించి కొత్తది బిగించడం. ఈ మూడూ ఆపు నాన్నా. ఎందుకు ఆపమంటున్నానో, వాటికి బదులు ఏం చేయాలో వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు, చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అది ఖాళీగా ఉందో లేదో చూడు. మ్యాగజైన్ తీసెయ్. బోల్ట్ వెనక్కి లాగి చాంబర్‌లోకి చూడు. చూస్తే చాలదు, వేలు పెట్టి తడుము. గొట్టంలోకి చూడాలంటే బోల్ట్ పూర్తిగా బయటికి తీసి బల్ల మీద పెట్టాకే చూడు. నూట ముప్పై ఏళ్ల తుపాకీలో తూటా ఎవరు వదిలేస్తారని అనుకోకు. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో నేను ఆర్మరర్ పని నేర్చుకున్నప్పుడు ఉస్తాదు మాకు మొదట చెప్పింది ఇదే. అప్పటికే పల్టన్లకు ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు వచ్చేశాయి. అయినా కోత్‌లలో, అంటే ఆయుధాలు దాచే గదుల్లో, పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లు ఇంకా ఉండేవి. ఎన్‌సీసీ పిల్లలకూ పోలీసులకూ అవే ఇచ్చేవారు. వాటిని విప్పడం, కొలవడం, బిగించడమే నా చేతులకు తొలి చదువు. నీది వాటన్నిటికీ పెద్ద.

మడమ కర్ర మొదలయ్యే చోట, ఇనుప పట్టీకి కుడివైపున, కిరీటం గుర్తూ దాని కింద వి.ఆర్., ఎన్‌ఫీల్డ్, 1894, ఎల్.ఎమ్. అనీ కనిపిస్తున్నాయి. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ఎల్.ఎమ్. అంటే లీ-మెట్‌ఫర్డ్. బ్రిటిష్ సైన్యం 1888లో తీసుకున్న రైఫిల్ ఇది. త్రీనాట్‌త్రీ తూటా పుట్టింది దీనితోనే. ఆ తూటా ఎంతకాలం బతికిందంటే, ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీ రైఫిల్‌కు వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినం కవాతులో.

పేరులో మొదటి సగం జేమ్స్ పారిస్ లీది. స్కాట్లాండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డ మనిషి. ఆ బోల్టూ, కింద ఊడదీసే పెట్టె మ్యాగజైనూ ఆయన ఆలోచనలు. రెండో సగం విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది. ఆయన 1857లో ఈస్ట్ ఇండియన్ రైల్వే పని మీద మన దేశానికి వచ్చాడు. అవి తిరుగుబాటు రోజులు. బీహారులోని ముంగేర్‌లో ఉండగా ఆరోగ్యం చెడిపోయి ఇంటికి తిరిగి వెళ్లాడు. ఆయన పేరు నిలబెట్టింది గొట్టం లోపలి గాడులు. అంటే నువ్వు తీసేద్దామనుకుంటున్న భాగమే.

మెట్‌ఫర్డ్ కాలంలో తూటాలో ఉండేది నల్ల తుపాకిమందు. అది కాలితే మసి చాలా మిగులుతుంది. గాడి మూలలు పదునుగా ఉంటే ఆ మసి అక్కడ గట్టిపడి, నాలుగు తూటాలు కాల్చేసరికి గురి తప్పుతుంది. అందుకని ఆయన మూలలే లేకుండా, గుండ్రంగా, బాగా తక్కువ లోతులో ఏడు గాడులు పెట్టాడు. లోతు సుమారు నాలుగు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. కాబట్టి టార్చి వేసి చూసి "గాడులు సరిగ్గా కనిపించడం లేదు" అని నువ్వు రాసినదంతా అరుగుదల కాకపోవచ్చు. కొత్తగా ఉన్నప్పుడే అవి అలా ఉండేవి. ఈనాటి రైఫిల్ గాడులు చూసిన కంటికి అవి చెరిగిపోయినట్టే ఉంటాయి.

అయితే మెట్‌ఫర్డ్ గాడులకు గట్టి దెబ్బ తగిలిన మాటా నిజమే. ఆ దెబ్బ కొట్టింది కార్డైట్. 1889లో ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూయర్ కలిసి తయారుచేసిన పొగ రాని మందు అది. నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్, 5 పాళ్లు వ్యాసలైన్. రెండేళ్లు తిరిగేసరికి త్రీనాట్‌త్రీ తూటాలో నల్ల తుపాకిమందు పోయి ఇది వచ్చింది. మసి తగ్గింది, గుండు వేగం పెరిగింది. కానీ దాని వేడి చాలా ఎక్కువ. చాంబర్ దాటగానే వచ్చే తొలి అంగుళాల్లో ఉక్కు ఒక్క క్షణం మండేంత వేడెక్కి, వెంటనే చల్లారుతుంది. అలా వేలసార్లు జరిగితే పైపొర ఎండిన చెరువు అడుగులా బీటలు వారుతుంది. తర్వాతి తూటా వాయువు ఆ బీటల అంచుల్ని ఊడ్చుకుపోతుంది. నాలుగు థౌ లోతున్న గాడి దాన్ని ఎంతకాలం తట్టుకుంటుంది?

అందుకే 1895లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం వాళ్లు చదరపు అంచులతో, మరింత లోతుగా ఐదు గాడులు తెచ్చారు. లీ బోల్టు అలాగే ఉంది. గాడులు మారాయి కాబట్టి పేరు లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. 1901లో మందునూ మార్చారు. నైట్రోగ్లిజరిన్ 30 పాళ్లకు తగ్గించి, గన్‌కాటన్ 65 పాళ్లకు పెంచారు. నేను విప్పి బిగించిన ప్రతి త్రీనాట్‌త్రీ ఆ మార్పు తర్వాతిదే. సైన్యంలో మిగిలిన లీ-మెట్‌ఫర్డ్‌లలో చాలావాటికి అరిగిన గొట్టాలు తీసేసి ఎన్‌ఫీల్డ్ గొట్టాలు బిగించారు. అందువల్ల ఏడు గాడుల అసలు గొట్టంతో మిగిలినవి తక్కువ.

ఇప్పుడు చెప్పు, కొత్త గొట్టం వేయిస్తే నీ దగ్గర ఏం మిగులుతుంది? లీ మిగులుతాడు. మెట్‌ఫర్డ్ వెళ్లిపోతాడు. ఆ గాడులు ఎందుకు ఓడిపోయాయో, ఎన్‌ఫీల్డ్ ఎందుకు పుట్టిందో చూపించే రుజువు ఆ గొట్టంలోనే ఉంది. నువ్వు పాడైపోయిందనుకున్న భాగమే ఆ రైఫిల్‌లో అన్నిటికంటే విలువైనది.

కాబట్టి ముందుగా అరుగుదల ఎంతో, ఎక్కడో, దేనివల్లో తేల్చుకో. ఊహించకు, కొలువు.

మొదట శుభ్రం చెయ్. చాంబర్ వైపు నుంచే, ఒంటి ముక్క రాడ్‌తో, ఇత్తడి లేదా కంచు బ్రష్‌తో. ఉక్కు బ్రష్ వద్దు. పాత త్రీనాట్‌త్రీ గుండ్లకు నికెల్, రాగి కలిసిన తొడుగు ఉండేది. అది గాడుల్లో ముద్దలుగా అతుక్కుపోతుంది. అరిగిందనుకున్న గాడి ఒక్కోసారి పూడిపోయిన గాడి అవుతుంది. నలుపు వదిలాక అమ్మోనియా ఉన్న రాగి ద్రావకం వాడు. కిటికీలు తెరిచి పెట్టు. సీసా మీద రాసిన సమయానికి మించి ఉంచకు. తర్వాత పూర్తిగా తుడిచి నూనె పట్టించు. గుడ్డ మీద నీలం రంగు రావడం ఆగేదాకా ఓపిక పట్టు. వారాలు పట్టినా ఫరవాలేదు.

తర్వాత మూతి చూడు. సైనికుడు గొట్టం తుడిచేది పుల్ త్రూతో. తాడుకు ఒక చివర ఇత్తడి బరువు, మరో చివర చిందీ గుడ్డ. దాన్ని తిన్నగా లాగకుండా ఒక పక్కకు వాలుగా లాగుతూ పోతే, ఇసుక అంటిన తాడు మూతి అంచును ఏళ్ల తరబడి కోస్తుంది. మూతి కోడిగుడ్డు ఆకారానికి తిరిగి ఉంటే, ఒకవైపు మాత్రమే గాడుల మధ్య గట్లు మాయమై ఉంటే, అది కాల్చడం వల్ల వచ్చిన అరుగుదల కాదు, శుభ్రం చేయడం వల్ల వచ్చినది. గురి తప్పడానికి ఇది చాలు. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో వాయువు ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని గుండును నెట్టేస్తుంది.

ఇక లోపలి గుంటలు. ఆనాటి తూటా అడుగున ఉండే క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలేది ఉప్పు జాతి పదార్థం. గాలిలో తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించలేదు, నీళ్లే కరిగిస్తాయి. అందుకే సైన్యంలో గరాటు పెట్టి మరిగే నీళ్లు గొట్టంలో పోయించేవారు. ఆ ఒక్క పని ఎగ్గొట్టిన సాయంత్రాలన్నీ గొట్టంలో గుంటలై మిగులుతాయి. తుప్పు గుంటలు గొట్టం పొడవునా చెల్లాచెదురుగా ఉంటాయి. కార్డైట్ కోత మాత్రం చాంబర్ ముందు ఎక్కువగా ఉండి, మూతి వైపు పోయేకొద్దీ తగ్గుతుంది. రెండింటికీ తేడా అలా తెలుసుకో.

మా రోజుల్లో దీనికి ప్లగ్ గేజ్‌లు ఉండేవి. ఒకటి గొట్టమంతా జారాలి, దానికంటే లావుది మూతిలో దిగకూడదు. నీ దగ్గర అవి ఉండవు కాబట్టి సీసం గుండు పద్ధతి వాడు. గొట్టం కంటే కాస్త లావైన మెత్తటి సీసం గుండు తీసుకుని, గొట్టానికి నూనె రాసి, ఇత్తడి రాడ్‌తో మెల్లగా తోసుకుంటూ పో. చేతికి ఎక్కడ బిగువు తగిలిందో, ఎక్కడ జారిపోయిందో రాసుకో. బయటికి వచ్చిన గుండు మీద గాడుల అచ్చు ఉంటుంది. ఇక్కడొక చిక్కుంది. గాడులు ఏడు, బేసి సంఖ్య. ఒక గాడికి ఎదురుగా మరో గాడి ఉండదు, గట్టు ఉంటుంది. మామూలు మైక్రోమీటర్ పెడితే కొలత తక్కువ చూపిస్తుంది. బేసి గాడుల కోసం వి-ఆకారపు దిమ్మ ఉన్న మైక్రోమీటర్ దొరుకుతుంది. నువ్వు ఫ్యాక్టరీలో పనిచేసేవాడివి, దాన్ని సంపాదించడం కష్టం కాదు.

కొలతలు వచ్చాక ఏం చేయవచ్చు? పనివాళ్లు నాలుగు దారులు చూపిస్తారు. మూతి వైపు అరిగిన కొంత మేర లోపల వెడల్పుగా తొలిచి, మంచి గాడులు మిగిలిన చోట కొత్త మూతి చేయడం ఒకటి. సోవియట్ ఆయుధశాలల్లో మోసిన్-నాగాంట్ రైఫిళ్లకు ఇలా చేశారు. గొట్టాన్ని లోపలంతా తొలిచి కొత్త గాడుల గొట్టం దూర్చడం రెండోది. మొత్తంగా మార్చేయడం మూడోది. గొట్టాన్ని ముట్టుకోకుండా, దానికి సరిపడే కొలతలో మెత్తటి సీసం గుండ్లు పోయించుకోవడం నాలుగోది. మొదటి రెండూ చేశాక వెనక్కి రాలేవు. మూడోది చేస్తే పాత గొట్టం మూలకు చేరి, నీ తర్వాతివాళ్ల చేతిలో చెత్తబుట్టకు పోతుంది. లేత్ మీద పోయిన లోహాన్ని ఏ పనివాడూ తిరిగి తేలేడు. అందుకే నా మాట నాలుగో దారి వైపే. అదీ కాల్చి తీరాలని నీకు ఉంటేనే.

కాల్చడం గురించి గట్టిగా చెబుతున్నాను. దుకాణంలో దొరికే ఈనాటి త్రీనాట్‌త్రీ తూటా ఇందులో పెట్టొద్దు. ఈ బోల్ట్ వెనకవైపు తాళం పడేది. తొలి రోజుల ఉక్కు, ఈనాటి తూటా ఒత్తిడికి దాన్ని నమ్మలేం. ముందుగా పాత మిలటరీ రైఫిళ్లు తెలిసిన గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లు. బోల్ట్‌లో బీటలున్నాయేమో చూపించు, హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ తూటా ఆనే చోటుకూ మధ్య సందు, గేజ్ పెట్టి కొలిపించు. త్రీనాట్‌త్రీ తూటాకు అంచు ఉంటుంది కాబట్టి ఆ అంచు కూర్చునే చోటే కొలత. 64 థౌకూ 74 థౌకూ మధ్య ఉండాలి. ఆయన వద్దంటే వద్దు. రెండో మాట లేకుండా గోడకు తగిలించుకో. చట్టం కూడా చూసుకో. 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైనదాన్ని మీ అమెరికా ఫెడరల్ చట్టం పురాతన ఆయుధంగా చూస్తుంది. రాష్ట్ర చట్టం వేరుగా ఉండొచ్చు. ఎప్పుడో ఒకప్పుడు ఇండియా తెచ్చి నాకు చూపించాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకు. ఇక్కడ త్రీనాట్‌త్రీ నిషిద్ధ బోర్.

గొట్టం వదిలేస్తే ఇక చేయడానికి ఏముందని అనుకుంటావేమో. చేతినిండా పనుంది. గురి తప్పితే అందరూ గొట్టాన్నే అంటారు. నేను చూసినవాటిలో చాలాసార్లు తప్పు కర్రది. అక్రోటు కర్ర వందేళ్లలో ఎండి కుంచించుకుపోతుంది. ఇనుము దానిలో కూర్చునే చోట సందు పడుతుంది. ప్రతి తూటాకూ గొట్టం ఒక్కో చోట సర్దుకుంటుంది. స్క్రూలు తిరగడం లేదని బలవంతం చేయకు. గాడికి సరిగ్గా సరిపడేలా మొన సానబెట్టిన స్క్రూడ్రైవర్ వాడు. ముందు రోజు రాత్రి చొచ్చుకుపోయే నూనె చుక్క వేసి వదిలెయ్. మా త్రీనాట్‌త్రీలకు ముందు కర్ర తీయకుండా మడమ బోల్ట్ తిప్పితే ముందు కర్ర చీలిపోయేది. నువ్వూ అదే వరస పాటించు. అవసరం లేకపోతే మడమను అసలు విప్పకు. విప్పే ముందు ప్రతి మెట్టుకూ ఫొటో తియ్యి. ప్రతి స్క్రూ ఏ రంధ్రంలోదో అట్ట మీద రాసి అక్కడే గుచ్చు.

కర్ర మీద గరుకు కాగితం పెట్టొద్దు. దాని ఎడమవైపున్న చిన్న ముద్రలు, ఆర్మరర్ కొట్టిన తేదీలు ఒక్క పూట రుద్దితే పోతాయి. మెత్తటి గుడ్డతో మురికి తీసి, అవిసె నూనె అరచేత్తో పల్చగా రాయి. మర్నాడు తుడిచి మళ్లీ రాయి. ఆ నూనె గుడ్డల్ని ముద్ద చేసి మూల పడేయకు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, బయట విడివిడిగా ఆరేయి. ఇనుము మీది ఎర్ర తుప్పుకు పల్చటి నూనె, కంచు ఉన్ని చాలు. తుప్పు పోవాలి, దాని కింద గట్టిపడిన గోధుమ నలుపు మిగలాలి. బఫింగ్ చక్రం పెడితే అక్షరాల అంచులు కరిగిపోతాయి. 1894లో కొట్టిన అచ్చు మళ్లీ ఎవరు కొడతారు?

ఇంకొక్క మాట. ఇది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువు. ఆ సంగతి మరిచిపోయి దీన్ని బాగుచేయకూడదు. 1857 తర్వాత కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక, మన సిపాయిల కోసం ఎన్‌ఫీల్డ్ మస్కెట్ల గొట్టాల్లోని గాడుల్ని కావాలనే తొలిచేసి, నున్నగా చేసి ఇచ్చారు. గాడి లేని గొట్టం దూరం కొట్టలేదు. వాళ్లకు కావలసింది అదే. ఆ మీదట కూడా తెల్ల సైనికుడికి కొత్తది, సిపాయికి పాతది. 1897లో వాయవ్య సరిహద్దులోని తీరా కొండల్లో జరిగిన యుద్ధంలో తెల్ల పటాలాల చేతుల్లో నీ దగ్గరున్నలాంటి లీ-మెట్‌ఫర్డ్‌లు ఉంటే, పక్కనే నడిచిన మన సిపాయిల చేతుల్లో ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే మార్టిని-హెన్రీలు ఉన్నాయి. మన ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్లారు. ఊళ్లో స్తూపం మీద పేర్లు నువ్వు చిన్నప్పుడు చదివావు. ఏ గొట్టం ఎవరి చేతికి ఇచ్చారన్నది వాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం. కొత్త గొట్టం వేసి మెరిపించి గోడకు తగిలిస్తే చూసినవాళ్లు బాగుందంటారు, అంతే. ఆ అరిగిన ఏడు గాడులు అలాగే ఉంటే మాత్రం ఎందుకు అరిగాయని అడుగుతారు. చెప్పడానికి నీ దగ్గర ఇంత చరిత్ర ఉంటుంది. రేపు మీ పాప అడిగితే తనకూ చెప్పగలవు.

ఒక నోటు పుస్తకం పెట్టు. ఏ రోజు ఏం విప్పావో, ఏం రాశావో, ఏం మార్చావో అన్నీ అందులో ఉండాలి. ఏదైనా భాగం మార్చక తప్పకపోతే పాతది సంచీలో వేసి చీటీ కట్టి దాచు. నీ తర్వాత ఆ రైఫిల్ చేతిలోకి తీసుకునేవాడికి నువ్వు చేసిన పని అంతా తెలియాలి. అక్కర్లేదనుకుంటే దాన్ని వెనక్కి తిప్పగలగాలి. మంచి ఆర్మరర్ పనికి నా లెక్కలో ఇదే పరీక్ష.

ముందుగా శుభ్రం చేసి, సీసం గుండు తోసి, చాంబర్ దగ్గర ఎంత, నడుమ ఎంత, మూతి దగ్గర ఎంత ఉందో నాకు రాయి. మూతిని ఎదురుగా ఫొటో తీసి పంపు. అవి వచ్చాక ముందు కర్ర కూర్చోబెట్టే సంగతి విడిగా రాస్తాను. అప్పటిదాకా గొట్టం మీద ఎవరి లేత్‌నూ పడనివ్వకు.

కోడలికీ పాపకీ మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న